ఫ్రాంక్లిన్ అచ్చాఫీసు పుస్తకాలు: ముందు కాగితం ఎవరిదో చూడండి

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన వీలునామాలో కూడా "ఫిలడెల్ఫియా ప్రింటరు" అని రాసుకున్న తర్వాతే రాయబారి పదవి సంగతి ఎత్తాడు కదా, మరి ఆయన అచ్చువేసిన పుస్తకాలేవి? పూర్ రిచర్డ్ పంచాంగం తప్ప పేరున్న పుస్తకం ఒక్కటీ వినబడదెందుకు? ఆయన పేరున్న పాత కాగితం చేతికి వస్తే అసలుదో కాదో ఎలా పోల్చుకోవాలి? పాత పుస్తకాలకు కేటలాగులు రాయడం నా వృత్తి. అందులో అమెరికా వలసకాలపు అచ్చు నాకు ప్రాణం. కాబట్టి కాస్త పొడవుగానే చెబుతాను.

ఆయన అచ్చాఫీసు నుంచి వచ్చినవన్నీ ఒక్క జాబితాగా చదివితే ఏమీ బోధపడదు. మతప్రసంగాలు, చట్టాలు, పంచాంగాలు, వైద్యం, లాటిన్ అనువాదం, జర్మన్ కీర్తనలు, నోట్లు, అన్నీ కలగలిసి ఉంటాయి. నేను ప్రతి పుస్తకం దగ్గరా ముందు ఒకటే అడుగుతాను: దీనికి కాగితం ఎవరు కొన్నారు? ఆ రోజుల్లో పుస్తకం ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే. రచయితో, శాసనసభో, ఒక మతసంఘమో కాగితం ఖర్చు భరిస్తే ఫ్రాంక్లిన్ కేవలం ప్రింటరు. కూలి డబ్బులు పుచ్చుకుంటాడు, పుస్తకం అమ్ముడుపోకపోయినా ఆయనకు పోయేదేమీ లేదు. కాగితం తనదైతే ఆయన ప్రచురణకర్త, నష్టమంతా తనమీదే. ఈ రెండూ విడదీసి చూస్తే ఆయన సొంత డబ్బు పెట్టి వేసిన పెద్ద పుస్తకాలు ఎంత తక్కువో తెలుస్తుంది. ఆ కొద్దిపాటివే ఆ మనిషి ఎలా ఆలోచించాడో చెబుతాయి.

1706లో బోస్టన్‌లో పుట్టాడు, 12 ఏళ్ళకు అన్న జేమ్స్ దగ్గర అచ్చుపనిలో చేరాడు, 1723లో పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు, లండన్ అచ్చాఫీసుల్లో సుమారు ఏడాదిన్నర పనిచేసి వచ్చాడు. ఇదంతా ఆత్మకథలో చదివే ఉంటారు. 1728లో హ్యూ మెరెడిత్‌తో కలిసి సొంత అచ్చాఫీసు పెట్టాడు. మొదట్లో దొరికిన పెద్దపని, విలియం స్యూయెల్ రాసిన, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ చరిత్ర. పుస్తకం మొత్తం కాదు. ఊళ్ళో మరో ప్రింటరు శామ్యూల్ కీమర్ అచ్చాఫీసులో ఏళ్ళ తరబడి నానుతున్న ఆ పుస్తకంలో మిగిలిపోయిన భాగం, ఆత్మకథలో చెప్పిన లెక్కన 40 తావులు. తావును ఒక్కసారే మడిచే పెద్ద సైజు పుస్తకం అది. రోజుకు ఒక తావు ఫ్రాంక్లిన్ కంపోజ్ చేసేవాడు, మెరెడిత్ ప్రెస్సు మీద తీసేవాడు. మర్నాటి పనికి అక్షరాలు కావాలి కనుక, అచ్చయిన పేజీలను రాత్రికి విప్పి టైపు కేసుల్లో సర్దుకోవాలి. ఒక రాత్రి పని ముగిసిందనుకునేసరికి ఫారం ఒకటి (అచ్చుకు సిద్ధంగా చట్రంలో బిగించిన పేజీల టైపు) విరిగి రెండు పేజీల టైపు చెల్లాచెదురైంది. ఆ రెండు పేజీలూ మళ్ళీ మొదట్నుంచి కూర్చి గానీ పడుకోలేదు. ఊళ్ళో వర్తకులు ఆ దీపం వెలుగు చూసే ఈ కుర్రాడికి అప్పివ్వవచ్చని నమ్మారు.

ఈ చిన్న సంఘటనలోనే రెండో ప్రశ్నకు సగం జవాబుంది. అమెరికా వలసల్లో అప్పటికి టైపు పోతపోసే కార్ఖానా లేదు. సీసపు అక్షరాలన్నీ ఇంగ్లండ్ నుంచి ఓడల్లో రావాలి. కొన్ని పేజీలు కూర్చేసరికి కేసులు ఖాళీ అవుతాయి. పెద్ద పుస్తకం మొదలుపెడితే టైపూ, కాగితమూ, నెలల శ్రమా అందులో ఇరుక్కుపోతాయి, డబ్బు ఎప్పటికో తిరిగొస్తుంది. లండన్ వ్యాపారులేమో ఎక్కువ ప్రతులు వేసి, చవగ్గా, అరువు మీద ఇక్కడికి పంపేవాళ్ళు. ఇక ఇంగ్లీషు బైబిలు సంగతి. దాన్ని అచ్చువేసే హక్కు రాజుగారి అనుమతి ఉన్న కొద్దిమందికే దక్కింది. అందుకే అందరికీ కావలసిన ఆ పుస్తకాన్ని ఫ్రాంక్లిన్ ఎన్నడూ వేయలేదు. అమెరికాలో పూర్తి ఇంగ్లీషు బైబిలు 1782లో గానీ రాలేదు, అప్పటికి స్వాతంత్ర్య యుద్ధం దాదాపు ముగిసింది.

మరి బతికిందెలా? చిన్న కాగితాల మీద. అప్పుపత్రాలు, ఓడ సరుకు రశీదులు, పనివాళ్ళ ఒప్పందాలు, ఖాళీలు వదిలి అచ్చువేసిన ఫారాలన్నీ ఆయన కొట్లో దొరికేవి. తప్పుల్లేని ఫారాలు తనవేనని ఆయన గర్వంగా రాసుకున్నాడు. తర్వాత ప్రభుత్వపు పని. గవర్నరుకు శాసనసభ ఇచ్చిన ఒక విన్నపాన్ని ఆండ్రూ బ్రాడ్‌ఫర్డ్ అనే పోటీ ప్రింటరు తప్పులతో, మొరటుగా అచ్చువేస్తే, ఫ్రాంక్లిన్ దాన్నే శుభ్రంగా మళ్ళీ అచ్చువేసి సభ్యులందరికీ ఒక్కో ప్రతి పంపాడు. 1730లో సభ పని ఆయనకొచ్చింది. కాగితపు డబ్బు ఎందుకు అవసరమో వాదిస్తూ 1729లో ఒక చిన్న పుస్తకం రాసి వేశాడు. ఆ వాదం గెలిచాక నోట్లు అచ్చువేసే పనీ దక్కింది. దొంగనోట్లను ఆపడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నిజమైన చెట్టు ఆకు అచ్చు తీసి, దాన్నుంచి లోహపు దిమ్మ పోతపోసి నోటు మీద వేశాడు. ఆకులో ఈనెలు ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంటాయి. చేత్తో చెక్కే నగిషీ పనివాడు వాటిని అనుకరించలేడు. ఆ నోట్ల మీదే "దొంగనోటు వేస్తే మరణమే" అన్న హెచ్చరిక కూడా ఉంటుంది.

ఇక పంచాంగం. 1733వ సంవత్సరానికి పూర్ రిచర్డ్ మొదటి పంచాంగం 1732 డిసెంబరులో వచ్చింది. 24 పేజీల పొత్తం. సూర్యోదయాలు, చంద్రకళలు, గ్రహణాలు, కోర్టులు కూర్చునే తేదీలు, సంతలు, మధ్యమధ్య ఖాళీల్లో సామెతలు. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో కూడా బైబిలు పక్కన ఇదొకటి ఉండేది. ఏటేటా పాతబడిపోతుంది కనుక ఏటేటా కొనాల్సిందే. ఏటా 10,000 దాకా అమ్ముడయ్యేదని ఆత్మకథలో చెప్పాడు. సొంత కాగితం మీద ధైర్యంగా పెట్టుబడి పెట్టిన సరుకు ఇది. రిచర్డ్ సాండర్స్ అనే పేద జ్యోతిష్కుడి పేరుతో రాస్తూ, పోటీ పంచాంగకర్త టైటన్ లీడ్స్ 1733 అక్టోబరు 17న మధ్యాహ్నం 3 గంటల 29 నిమిషాలకు చనిపోతాడని మొదటి సంచికలోనే జోస్యం చెప్పాడు. లీడ్స్ బతికే ఉండి మండిపడితే, నిజమైన లీడ్స్ ఇంత అమర్యాదగా మాట్లాడడు కాబట్టి ఆయన పోయినట్టేనని మరుసటి ఏడు జవాబిచ్చాడు. ఆ లీడ్స్ పంచాంగం అచ్చువేసేది బ్రాడ్‌ఫర్డే. జనం నవ్వుకున్నారు, కొన్నారు, పోటీదారు నలిగాడు. 1758 సంచిక ముందుమాటలో అబ్రహాం అనే ముసలాయన వేలంపాట దగ్గర చేసే ఉపన్యాసంగా పాత సామెతలన్నీ గుచ్చి ఇచ్చాడు. ఆ ఒక్క ముందుమాటే ఎన్నో భాషల్లో వేరే పుస్తకంగా మళ్ళీమళ్ళీ అచ్చయింది. ఫ్రాంక్లిన్ రచన అంటూ పాత పుస్తకాల కొట్లలో దొరికే పొత్తాల్లో చాలాభాగం ఆ పునర్ముద్రణలే. ఈ విషయం మీ మూడో ప్రశ్నకు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పెద్ద పుస్తకం తానే వేయాల్సి వచ్చినప్పుడు ముందుగా చందాలు సేకరించేవాడు. 1739 చివర్లో జార్జ్ విట్‌ఫీల్డ్ అనే బోధకుడు ఫిలడెల్ఫియా వచ్చి వేలమందిని ఆరుబయట నిలబెట్టి ప్రసంగిస్తుంటే, ఫ్రాంక్లిన్ ఆయన ప్రసంగాలు, దినచర్యలు అచ్చువేస్తానని ప్రకటించాడు. చందాదారులు ఎగబడ్డారు. డబ్బు ముందే కట్టినవాళ్ళకూ, చేతిలో పట్టుకొచ్చినవాళ్ళకూ ముందుగా ఇస్తానన్నాడు. విట్‌ఫీల్డ్ మతం ఫ్రాంక్లిన్‌కు పట్టలేదు, కానీ ఇద్దరూ జీవితాంతం స్నేహితులు. ఆ బోధకుడి పేరు వలసలన్నిటా మోగడంలో ఈ పుస్తకాలకూ, ఫ్రాంక్లిన్ వార్తాపత్రిక పెన్సిల్వేనియా గెజెట్‌కూ పెద్ద పాత్రే ఉంది.

చందాల్లేకుండా సాహసించినప్పుడు ఏమైందో చెప్పడానికి పమేలా ఉంది. శామ్యూల్ రిచర్డ్‌సన్ నవల 1740లో లండన్‌లో వచ్చి సంచలనమైతే, ఫ్రాంక్లిన్ 1742లో దాన్ని ఇక్కడ అచ్చువేయడం మొదలుపెట్టాడు. అమెరికా గడ్డమీద అచ్చయిన మొదటి నవల అదే. చరిత్రలో గొప్ప గౌరవం, వ్యాపారంలో దెబ్బ. అచ్చు ముగిసేలోపే లండన్ ప్రతులు చవగ్గా దిగిపోయాయి. ఆ తర్వాత ఆయన మరో నవల జోలికి పోలేదు. సాహిత్యం మీద ప్రేమ లేక కాదు. లైబ్రరీ కంపెనీ అనే చందాల గ్రంథాలయాన్ని 1731లో యాభైమందిని కూడగట్టి స్థాపించినవాడు ఆయనే. మంచి పుస్తకాలు లండన్ నుంచి తెప్పించుకుని పంచుకోవడమే మేలని లెక్క తేల్చుకున్నాడు.

ఇంత లెక్కల మనిషి 1744లో ఒక్కసారి లెక్క పక్కనపెట్టాడనిపిస్తుంది. సిసిరో ముసలితనం గురించి రాసిన 'కేటో మేజర్' అనే లాటిన్ సంభాషణకు జేమ్స్ లోగన్ ఇంగ్లీషు చేశాడు. లోగన్ పెన్సిల్వేనియా ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు, వలసల్లోకెల్లా గొప్ప గ్రంథాలయాల్లో ఒకటి ఆయనది. ఓ స్నేహితుడు చదువుకోవడానికి చేసిన అనువాదం అది. ఫ్రాంక్లిన్ దాన్ని తీసుకుని, లండన్‌లో కాస్లన్ పోతపోసిన టైపుతో, పెద్ద అక్షరాలతో, విశాలమైన అంచులతో, ముఖపత్రం ఎరుపు నలుపు సిరాల్లో అచ్చువేశాడు. ఎరుపు సిరా అంటే ఆ తావు ప్రెస్సు మీద రెండుసార్లు ఎక్కాలి. ముసలితనం గురించిన పుస్తకం ముసలివాళ్ళు చదువుతారు కనుక సన్న అక్షరాలు వాళ్ళ కళ్ళకు శ్రమ కాకూడదని పెద్ద టైపు వాడానని "ప్రింటరు మాట"లో తానే చెప్పాడు. ఈ పశ్చిమ ప్రపంచంలో ఒక ప్రాచీన గ్రంథానికి ఇది తొలి అనువాదమని సంతోషించాడు. నిజానికి లోగనే చేసిన 'కేటో నీతిపద్యాలు' 1735లో ఫ్రాంక్లినే వేశాడు, ఆ లెక్కన ఇది రెండోది. మొత్తం 1,000 ప్రతులు తీసి, 300 ప్రతులు లండన్‌లోని స్నేహితుడు, ప్రింటరు విలియం స్ట్రాన్‌కు పంపాడు. అమెరికా వలసల నుంచి లండన్‌కు పుస్తకాలు ఎదురెక్కడం అరుదు. ఆయన అచ్చువేసిన వాటిలో దీనికంటే అందమైనది లేదని ఈ రంగంలో దాదాపు అందరూ ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. 27వ పేజీలో "ఓన్లీ" అన్న మాటలో ఎల్ అక్షరం జారిపోయిన ప్రతులు కొన్ని ఉన్నాయి. అచ్చు నడుస్తుండగా ఎవరో గమనించి ప్రెస్సు ఆపి సరిదిద్దారు. ఎల్ లేని ప్రతి ముందు తీసినదన్నమాట.

దీనికి పూర్తి విరుద్ధమైన పుస్తకాలు రెండున్నాయి. వాటి గురించి తక్కువ మాట్లాడతారు, అది నాకు బాధ. 1729లో రాల్ఫ్ శాండిఫర్డ్, 1737లో బెంజమిన్ లే బానిసత్వాన్ని తిడుతూ పుస్తకాలు తెచ్చారు. ఇద్దరూ క్వేకర్లే, ఇద్దరూ తిట్టింది బానిసల్ని ఉంచుకున్న సాటి క్వేకర్లను. వాటి ముఖపత్రాల మీద ప్రింటరు పేరు లేదు, "రచయిత కోసం అచ్చయినది" అని మాత్రం ఉంటుంది. వేసింది ఫ్రాంక్లినే. లే తెచ్చిన రాతప్రతి పేజీలకు వరుసే లేదని ఫ్రాంక్లిన్ అంటే, ఏ భాగం ముందు వేసినా ఫరవాలేదు అన్నాడని చెబుతారు. లే మామూలు మనిషి కాడు. 1738లో క్వేకర్ల సమావేశంలో, తొలిచిన పుస్తకంలో ఎర్రని పళ్ళరసం తిత్తి దాచి తెచ్చి, కత్తితో పొడిచి, బానిసల యజమానుల మీద నెత్తుటిలా చిమ్మాడు. అలాంటివాడి పుస్తకాన్ని ఊళ్ళో పలుకుబడి ఉన్న క్వేకర్లకు భయపడకుండా అచ్చువేయడం మెచ్చుకోవాలి. అయితే కాగితం రచయితది, పేరు వేయలేదు, కాబట్టి ఫ్రాంక్లిన్ పణంగా పెట్టింది చాలా తక్కువ. అదే ఏళ్ళలో ఆయన గెజెట్‌లో బానిసల అమ్మకం ప్రకటనలు, పారిపోయినవాళ్ళను పట్టిస్తే బహుమతి ప్రకటనలు వచ్చేవి, ఆయన ఇంట్లోనూ బానిసలుండేవారు. బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడైంది 1787లో, బతుకు చివర్లో. ఆ దశను చూపించి ముందరి యాభై ఏళ్ళను కప్పేయడం సరికాదు. అచ్చయిన కాగితాలు రెంటికీ సాక్ష్యమిస్తున్నాయి.

జర్మన్ పుస్తకాల్లో కొంత నష్టపోయాడు. తర్వాత పెన్సిల్వేనియాలోనే ఎఫ్రాటా అనేచోట స్థిరపడిన జర్మన్ మతసంఘం కీర్తనలు 1730లో వేశాడు, అమెరికాలో అచ్చయిన మొదటి జర్మన్ కీర్తనల పుస్తకం అదే. 1732లో జర్మన్ వార్తాపత్రిక పెడితే కొన్ని సంచికలకే ఆగింది. రెండూ ఇంగ్లీషుకు వాడే రోమన్ టైపులోనే వచ్చాయి. జర్మన్ రైతుల కళ్ళకు అలవాటైన ఫ్రాక్టూర్ అక్షరాలు ఆయన దగ్గర లేవు. 1738లో క్రిస్టఫర్ సావర్ ఆ అక్షరాలు తెప్పించి జర్మన్‌టౌన్‌లో ప్రెస్సు పెట్టాక ఆ పాఠకులంతా అటే వెళ్ళారు. 1743లో సావర్ జర్మన్ బైబిలు కూడా తెచ్చాడు. అది ఇంగ్లీషు బైబిలు కాదు కనుక రాజుగారి హక్కు అడ్డురాలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. 1748లో 'అమెరికన్ ఇన్‌స్ట్రక్టర్' అనే ఇంటింటి గ్రంథాన్ని వేశాడు. చదువు, లెక్కలు, ఉత్తరాలు, ఖాతాలు, వైద్యం అన్నీ ఉన్న లండన్ పుస్తకాన్ని అమెరికా అవసరాలకు మార్చినది. వర్జీనియా వైద్యుడు జాన్ టెన్నెంట్ రాసిన చిట్కాలు చేర్చాడు. ఆగిన నెలసరి తిరిగి రావడానికి మందులు అందులో బాహాటంగా ఉన్నాయి. ఇటీవల చరిత్రకారులు దీన్ని మళ్ళీ వెలికితీశారు.

ఆ ఏడాదే ఫ్రాంక్లిన్ పనిలోంచి తప్పుకుని, డేవిడ్ హాల్‌ను భాగస్వామిగా పెట్టాడు. కాబట్టి 1748 నుంచి 1766 వరకు "ఫ్రాంక్లిన్ అండ్ హాల్" అని ఉన్నవి చాలావరకు హాల్ చేతిపనే. విద్యుత్తు మీద ఫ్రాంక్లిన్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన పుస్తకం 1751లో లండన్‌లో అచ్చయింది, అది ఆయన అచ్చాఫీసు పుస్తకం కానేకాదు.

ఇక అసలుదో కాదో చూసే పద్ధతి. ముందు కాగితాన్ని వెలుతురుకు పట్టండి. దగ్గరదగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా సుమారు అంగుళం ఎడంలో మరికొన్ని గీతలు కనబడాలి. కాగితం తీసిన జల్లెడ తీగల గుర్తులవి. ఏ గీతా లేక నున్నగా ఉంటే దాదాపు అనుమానమే లేదు, తర్వాతి నకలే. రెండోది, వెనకవైపు వేలితో తడమండి. సీసపు అక్షరాలు తడికాగితంలోకి దిగబడతాయి కనుక గరుకు తెలుస్తుంది. ఆఫ్‌సెట్ నకలు చదునుగా ఉంటుంది. మూడోది చాలామందిని మోసం చేస్తుంది. గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కి ఉంటే పాతదనుకుంటారు. గుడ్డపీలికలతో చేసిన 18వ శతాబ్దపు కాగితం సరిగ్గా ఉంచితే ఈనాటికీ మెత్తగా వంగుతుంది. పెళుసెక్కేది 19వ శతాబ్దం నడుమ నుంచి వచ్చిన చెక్కగుజ్జు కాగితం. ఫిలడెల్ఫియా సందర్శకుల దుకాణాల్లో అమ్మే గెజెట్ నకళ్ళకు ఆ రంగు కావాలనే వేస్తారు. ఆ తర్వాత ముఖపత్రం కింద అచ్చాఫీసు పేరు, పైన చెప్పిన ఏళ్ళతో సరిపోతుందో లేదో చూడండి. పేరు లేని శాండిఫర్డ్, లే పుస్తకాల వంటివాటిని మాత్రం అరిగిన, విరిగిన అక్షరాల గుర్తులూ అలంకారపు దిమ్మలూ పోల్చి నిర్ణయించాలి. అది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు, నిపుణుడికి చూపించండి. ముందే ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

మీరు న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి దగ్గర ఉంటానన్నారు. ఫిలడెల్ఫియా గంటన్నర దారి. మార్కెట్ వీధిలోని ఫ్రాంక్లిన్ కోర్టులో ఆనాటి పద్ధతి చెక్క ప్రెస్సు నడిపి చూపిస్తారు, ముందు అది చూస్తే పైన చెప్పిందంతా చేతికి అందుతుంది. తర్వాత ముందుగా రాసి లైబ్రరీ కంపెనీ పఠనాలయానికి వెళ్ళండి. కేటో మేజర్ అడగండి, దాంతోపాటు 1744 లాంకాస్టర్ ఒడంబడిక పొత్తం కూడా అడగండి. అమెరికా ఆదివాసుల ఆరు తెగల సమాఖ్య తరఫున కనసటేగో అనే నాయకుడు, మీరూ మాలాగే ఐక్యంగా ఉండండని వలసలవాళ్ళకు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఇలాంటి ఒడంబడికలు ఫ్రాంక్లిన్ అచ్చాఫీసు 1736 నుంచి 1762 దాకా పదమూడు వేసింది, పెద్ద సైజు తావుల్లో, కేటో మేజర్‌కు పట్టిన శ్రద్ధతోనే. రెండూ పక్కపక్కన పెట్టుకుని, 27వ పేజీలో ఎల్ ఉందో లేదో చూసి నాకు రాయండి.